వేరు కరిగిన సంగతి ఎలా బయటపడింది? పళ్ళ క్లిప్పుల వెనక నూరేళ్ళ కథ

మన ఊళ్ళలో పిల్లలకు పాలపన్ను ఊడితే దాన్ని పేడ ముద్దలో పెట్టి ఇంటి కప్పు మీదికి విసరమనేవాళ్ళు. అలా చేస్తే కొత్త పన్ను తిన్నగా వస్తుందని పెద్దవాళ్ళ మాట. విసిరే తొందరలో ఎవరం గమనించి ఉండం గానీ, తన టైముకి తాను ఊడిన పాలపన్నుకి వేరు ఉండదు. పైన చిప్పలాంటి ముక్క ఒక్కటే చేతికొస్తుంది. వేరు విరిగి లోపల ఉండిపోయిందా అంటే అదీ కాదు. కింద నుంచి కొత్త పన్ను పైకి వస్తుంటే, ఒంట్లోని కణాలే పాలపన్ను వేరును కొద్దికొద్దిగా కరిగించేస్తాయి. వేరు పోయాక పన్ను కదిలి ఊడుతుంది.

అంటే పంటి వేరును కరిగించే విద్య మన శరీరానికి పుట్టుకతోనే తెలుసు. పాలపళ్ళ విషయంలో అది వరం. అదే పని ఎప్పటికీ ఉండాల్సిన పళ్ళకు జరిగితే? అందులోనూ, పళ్ళు తిన్నగా అవ్వాలని మనమే డబ్బు కట్టి వేయించుకున్న క్లిప్పుల వల్ల జరిగితే?

ఈ ఎపిసోడ్‌లో మాట్లాడుకున్నది ఆ కథే. విన్నవాళ్ళకు ఇది కొంచెం వివరంగా, విననివాళ్ళకు మొదటి నుంచి.

డేరాలో ఈ మాట ఎందుకంటే

రిగ్గా రోడ్డు మీద నడిచినా, నాయిఫ్ సందుల్లో తిరిగినా, బనియాస్ స్క్వేర్ చుట్టూ చూసినా డెంటల్ క్లినిక్ బోర్డులకు కొదవ లేదు. డేరాకు వైద్యం కొత్త కాదు. నాటి ట్రూషల్ రాష్ట్రాల్లో తొలి ఆధునిక ఆసుపత్రిగా చెప్పుకునే అల్ మక్తూమ్ ఆసుపత్రి 1950ల మొదట్లో ఇక్కడే మొదలైంది. అప్పటికి యూఏఈ అనే దేశమే లేదు, అది 1971లో ఏర్పడింది.

మనవాళ్ళు 1970ల నుంచి గల్ఫ్ బాట పట్టారు. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి వచ్చిన మొదటి తరానికి పన్ను నొప్పి అంటే లవంగం పెట్టుకోవడం, ఇంకా తగ్గకపోతే పీకించుకోవడం. ఇప్పుడొచ్చే తరం వేరు. షాపులో సేల్స్‌లో నిలబడే కుర్రాడు, హోటల్ రిసెప్షన్‌లో పనిచేసే అమ్మాయి, పెళ్ళి సంబంధాలు చూస్తున్నవాళ్ళు ఎత్తుపళ్ళకు క్లిప్పులు వేయించుకుంటున్నారు. ఇంట్లో పిల్లలకు వేయించమని ఇక్కడి నుంచి డబ్బు పంపేవాళ్ళూ ఉన్నారు.

చిక్కంతా ఇక్కడే వస్తుంది. క్లిప్పుల చికిత్సకు మామూలుగా ఒకటిన్నర, రెండేళ్ళు పడుతుంది. నెలకో, నెలన్నరకో ఒకసారి డాక్టర్ చూడాలి. మన బతుకేమో వీసా మీద నడిచేది. కంపెనీ మారుతుంది, సైటు అబుదాబికి పోతుంది, సెలవని ఊరెళ్ళి నాలుగు నెలలు ఆగిపోతాం, ఒక్కోసారి ఉన్నట్టుండి క్యాన్సిల్ అయి ఇంటికెళ్ళిపోతాం. నోట్లో తీగ మాత్రం ఎవరికోసమూ ఆగదు, దాని పని అది చేసుకుపోతూనే ఉంటుంది. ఆ పని ఏమిటో, దానివల్ల లోపల ఏం జరుగుతుందో డాక్టర్లు ఎలా తెలుసుకున్నారన్న చరిత్ర తెలిస్తే, మనం ఏం అడగాలో కూడా తెలుస్తుంది.

పన్ను ఎలా కదులుతుంది

పన్ను దవడ ఎముకలో మేకులా దిగేసి ఉండదు. వేరుకీ ఎముకకీ మధ్య సన్నని నార పొర ఒకటి ఉంటుంది. అందులో రక్తనాళాలు, నరాలు ఉంటాయి. వేరు మీద పలచటి పూత లాంటి పదార్థం ఉంటుంది, దాని పేరు సిమెంటం. పేరు చూస్తేనే తెలుస్తుంది, మన సైట్లలో వాడే సిమెంట్ మాటకు అది చుట్టం. ఆ నారలు ఒక కొసన సిమెంటంలో, రెండో కొసన ఎముకలో పాతుకుని పన్నును పట్టుకుని ఉంటాయి.

తీగ పన్నును ఒక పక్కకు నెడితే, నెట్టిన వైపు నార పొర నలుగుతుంది. ఆ వైపు ఎముకను కరిగించే కణాలు వచ్చి దారి చేస్తాయి. వెనక వైపు ఖాళీ అయిన చోట ఎముకను కట్టే కణాలు కొత్త ఎముక పోస్తాయి. ముందు కూల్చేవాళ్ళ బృందం, వెనక కట్టేవాళ్ళ బృందం, మధ్యలో పన్ను మెల్లగా జరుగుతుంది.

నెట్టుడు మరీ గట్టిగా ఉంటే కథ మారుతుంది. నలిగిన చోట రక్తం ఆడక ఆ పొర చచ్చిపోతుంది. చచ్చిన దాన్ని శుభ్రం చేయడానికి వచ్చిన కణాలు, దాన్ని ఆనుకుని ఉన్న సిమెంటాన్ని కూడా గీకేస్తాయి. సిమెంటం పోతే దాని కింద ఉండే డెంటిన్‌లో గుంటలు పడతాయి. ఇలాంటి గుంటలు వేరు కొన దగ్గర ఎక్కువై కలిసిపోతే, కొన మొద్దుబారి వేరు పొట్టిదవుతుంది. నొప్పి ఉండదు, రక్తం రాదు, అద్దంలో కనపడదు. పైకి పళ్ళు తిన్నగా అవుతూ ముచ్చటగా కనిపిస్తాయి.

అందుకే దీన్ని కనిపెట్టడానికి అంత కాలం పట్టింది.

చూడలేని రోజుల్లో

పళ్ళను కట్టి జరపడం పాత ఆలోచనే. ఫ్రాన్స్‌లో పియర్ ఫొషార్ 1728లో దంతవైద్యం మీద రాసిన పెద్ద పుస్తకంలో, లోహపు పట్టీకి దారాలతో పళ్ళను కట్టి తిన్నగా చేసే పద్ధతి చెప్పాడు. శాశ్వత పళ్ళ వేర్లు కరిగిపోవడం గురించి 1856లో బేట్స్ అనే ఆయన ఇంగ్లండ్ దంతవైద్య పత్రికలో రాశాడు. ఈ విషయం మీద తొలి రాత అదేనని తర్వాతి వాళ్ళు చెబుతారు. అయితే ఆ రోజుల్లో వేరును చూడాలంటే పన్ను పీకాల్సిందే. బతికున్న మనిషి నోట్లో, పన్ను పన్నుగా ఉండగా వేరు ఎలా ఉందో తెలుసుకునే దారి లేదు.

అమెరికాలో ఎడ్వర్డ్ యాంగిల్ వచ్చాక పళ్ళు సరిచేయడం ప్రత్యేక వృత్తిగా నిలబడింది. పళ్ళ వంకరలను మూడు రకాలుగా విడదీసి 1899లో ఆయన చేసిన వర్గీకరణ ఈ రోజుకీ వాడుతున్నారు. 1900లో సెయింట్ లూయిస్‌లో ఈ విద్యకు ప్రత్యేకంగా బడి పెట్టాడు. 1928లో ఆయన ప్రకటించిన పరికరమే నేటి క్లిప్పులకు తాత. నలుపలకల తీగ, అది కూర్చునే గాడి ఉన్న చిన్న బ్రాకెట్, ఈ రెండూ అప్పటివే. పన్ను మొదలుని మాత్రమే కాక వేరును కూడా కావలసిన వైపు తిప్పగల బలం దానికి ఉంది.

బలం వచ్చింది గానీ కన్ను ఇంకా పూర్తిగా రాలేదు.

ఎక్స్‌రే వచ్చింది

1895 చివర్లో జర్మనీలో రాంట్‌జెన్ ఎక్స్‌రే కిరణాలను ప్రకటించాడు. కొద్ది వారాల్లోనే, 1896 జనవరిలో, ఒట్టో వాల్కాఫ్ అనే దంతవైద్యుడు తన పళ్ళకే ఎక్స్‌రే తీయించుకున్నాడు. ఇప్పుడు రెప్పపాటులో అయ్యే ఆ పనికి అప్పుడు 25 నిమిషాలు కదలకుండా ఉండాల్సి వచ్చింది. అమెరికాలోని న్యూ ఓర్లీన్స్‌లో ఎడ్మండ్ కెల్స్ అనే డాక్టర్ పళ్ళ ఎక్స్‌రేను రోజువారీ వైద్యంలోకి తెచ్చినవాళ్ళలో ముందువాడు. కిరణాల ప్రమాదం తెలియని ఆ రోజుల్లో ఏళ్ళ తరబడి వాటి ముందు చేతులు పెట్టి పనిచేసి, క్యాన్సర్‌తో వేళ్ళు, చివరికి ఎడమ చెయ్యి పోగొట్టుకున్నాడు. క్లినిక్‌లో ఎక్స్‌రే తీసేటప్పుడు సిబ్బంది పక్కకు ఎందుకు జరుగుతారో అర్థం కావాలంటే అలాంటి మనుషులను తలుచుకోవాలి.

ఇదే సమయంలో స్వీడన్‌లో కార్ల్ సాండ్‌స్టెడ్ కుక్కల ముందు పళ్ళను తీగతో జరిపి, ఆ ఎముకను సన్నగా కోసి సూక్ష్మదర్శినిలో చూశాడు. 1904, 1905ల్లో అచ్చయిన ఆ పని ఒక కొత్త సంగతి చెప్పింది. మెల్లగా నెడితే ఎముక సాఫీగా కరిగి దారి ఇస్తుంది. గట్టిగా నెడితే నలిగిన పొర చచ్చి గాజులా మారి, పని ఆగిపోతుంది. ఎక్కువ బలం పెడితే పన్ను ఎక్కువ వేగంగా కదులుతుందన్న లెక్క తప్పని అప్పుడే తేలింది.

1914లో న్యూయార్క్ దంతవైద్యుడు రోడ్రిగ్స్ ఒట్టొలెంగీ వేర్లు కరగడాన్ని నేరుగా పళ్ళు సరిచేసే చికిత్సతో ముడిపెట్టి రాశాడు. ఈయన గురించి ఒక ముచ్చట చెప్పాలి. ఈయన డాక్టరే కాదు, డిటెక్టివ్ నవలలు రాసిన రచయిత కూడా. నేరం ఎవరు చేశారో వెతికే అలవాటున్న మనిషి, తన వృత్తి వాడే పనిముట్టునే అనుమానించాడు.

కెచమ్ లెక్క

అనుమానాన్ని లెక్కగా మార్చినవాడు డెన్వర్‌లో పనిచేసిన ఆల్బర్ట్ కెచమ్. చికిత్సకు ముందు ఒక ఎక్స్‌రే, తర్వాత ఒక ఎక్స్‌రే తీసి రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు. వినడానికి చిన్న పనే. కానీ అప్పటికి ఎవరూ అంత పెద్ద సంఖ్యలో, అంత ఓపిగ్గా చేయలేదు. 1927లో మొదటి నివేదిక, 1929లో రెండోది బయటపెట్టాడు. చికిత్స చేయించుకున్నవాళ్ళలో సుమారు ఐదుగురిలో ఒకరికి వేర్లు కరిగినట్టు కనిపించింది. చేయించుకోనివాళ్ళలో అది నూటికి ఒకరి దగ్గరే ఉంది.

ఆ వృత్తికి ఇది చేదు వార్త. చెప్పినవాడు బయటివాడు కూడా కాదు. అదే 1929లో అమెరికాలో ఈ వైద్యులకు పరీక్ష పెట్టి అర్హత ఇచ్చే బోర్డు ఏర్పడితే, దానికి మొదటి అధ్యక్షుడు కెచమే. తన ఇంటి లోపలి తప్పును తనే లెక్కగట్టి చూపించాడు. ఈ రోజుకీ ఆ రంగంలో ఇచ్చే పెద్ద గౌరవ పురస్కారం ఆయన పేరు మీదే ఉంది.

ఆ తర్వాత పెద్ద వాదన నడిచింది. కారణం తీగా, మనిషా? 1930ల్లో హెర్మన్ బెక్స్ లాంటివాళ్ళు థైరాయిడ్ వంటి గ్రంథుల లోపాల వైపు, ఇంకొందరు తిండిలో లోపాల వైపు వేలు చూపించారు. ఒకే డాక్టరు, ఒకే తీగ, ఒకే బలం వాడినా ఒకరికి వేరు చెక్కుచెదరదు, ఇంకొకరికి పొట్టిబడుతుంది. మరి తేడా మనిషిలోనే ఉండాలి గదా అన్నది వాళ్ళ మాట. ఆ మాటలో కొంత నిజం ఉందని ఇప్పుడు తెలుసు. వంశపారంపర్యంగా వచ్చే గుణం, వేరు ఆకారం, గతంలో పంటికి తగిలిన దెబ్బ, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. అలాగని తీగ నిర్దోషి కాదు. బలం ఎక్కువైతే ప్రమాదం పెరుగుతుందన్నది తర్వాతి పరిశోధనల్లో గట్టిపడిన సంగతి.

బలం తగ్గించడం నేర్చుకున్నారు

1932లో ఆస్ట్రియాకు చెందిన ష్వార్ట్‌జ్ ఒక కొలత చెప్పాడు. పంటిని నెట్టే ఒత్తిడి సన్నని రక్తనాళాల్లోని ఒత్తిడిని మించకూడదు, అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 20 నుంచి 26 గ్రాములు. రక్తం ఆడుతూ ఉంటే పొర చావదు, పొర చావకపోతే గీకేవాళ్ళకు అంత పని ఉండదు. తర్వాత ఈ అంకెలను చాలామంది సవరించారు గానీ, మెత్తగా నెట్టాలన్న సూత్రం మాత్రం నిలబడింది.

సూత్రం తెలిసినా దానికి తగ్గ తీగ కావాలి గదా. మొదట్లో బంగారం కలిపిన తీగలు వాడేవాళ్ళు, 1930ల నుంచి స్టీలు వచ్చింది. ఆస్ట్రేలియాలోని ఆడిలైడ్‌లో రేమండ్ బెగ్ సన్నని స్టీలు తీగలతో తక్కువ బలం పెట్టే పద్ధతి తయారుచేసి 1950ల్లో ప్రకటించాడు. మన దేశంలో ఆర్థోడాంటిస్టుల సంఘం 1965లో ఏర్పడింది. ఆ తరం డాక్టర్లలో చాలామంది నేర్చుకున్నది బెగ్ పద్ధతే.

ఆ తర్వాత వచ్చింది నిటినాల్. అమెరికా నౌకాదళపు ప్రయోగశాలలో విలియం బ్యూలర్ బృందం కనిపెట్టిన నికెల్, టైటానియం మిశ్రమం ఇది. ఎంత వంచినా మళ్ళీ తన ఆకారానికి మెల్లగా వచ్చేస్తుంది. అయోవా విశ్వవిద్యాలయంలో జార్జ్ ఆండ్రియాసెన్ 1970ల మొదట్లో దీన్ని పళ్ళలోకి తెచ్చాడు. మనవాళ్ళు గల్ఫ్ విమానం ఎక్కడం మొదలైంది కూడా ఆ దశాబ్దంలోనే. ఈ రోజు మీరు క్లిప్పులు వేయించుకుంటే మొదటి నెలల్లో పెట్టే సన్నని మెత్తటి తీగ దాదాపు ఆ జాతిదే.

తెలుగునేల మీద కూడా ఈ విద్య పెరిగింది. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో ప్రభుత్వ డెంటల్ కాలేజీలు ఉన్నాయి. ఖమ్మం, భీమవరం, నెల్లూరు, గుంటూరు, రాజమండ్రి, మహబూబ్‌నగర్ దగ్గర కూడా డెంటల్ కాలేజీలు వచ్చాయి. ఒకప్పుడు పెద్ద నగరాల్లో డబ్బున్నవాళ్ళకే ఉన్న క్లిప్పులు ఇప్పుడు జిల్లా కేంద్రంలో కూడా దొరుకుతున్నాయి.

కరిగిన వేరు మళ్ళీ పెరుగుతుందా

అందరూ అడిగే ప్రశ్న ఇదే. జవాబు రెండు భాగాలు. మొదటిది, వేరు పక్కల్లో పడిన గుంటలు చాలావరకు మానుతాయి. రెండోది, కొనలో పోయిన పొడుగు మాత్రం తిరిగి రాదు.

మానడం గురించి గట్టి ఆధారాలు స్వీడన్ నుంచి వచ్చాయి. చికిత్స కోసం ఎలాగూ తీసేయాల్సిన చిన్న దవడపళ్ళను పిల్లల్లో కొన్ని వారాలు జరిపి, ఆ బలం ఆపేసి, ఒక్కో వారం తేడాతో తీసి సూక్ష్మదర్శినిలో పరీక్షించారు. ఓమన్-మోల్, కురోల్ తదితరులు 1995లో ప్రచురించిన లెక్క ప్రకారం, బలం ఆపిన వారానికి 28 శాతం గుంటల్లో మరమ్మతు మొదలైంది. ఎనిమిది వారాలకు అది 75 శాతానికి చేరింది. శరీరం కొత్త సిమెంటం పోసి గుంటను పూడుస్తుంది. కాంక్రీటు పోసినవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు, పోసిన స్లాబు ఆరేదాకా దాని మీద బరువు పెట్టకూడదు. ఇక్కడా అంతే, పూడ్చే పని జరగాలంటే బలం ఆగాలి.

స్వీడన్‌లోనే లెవాండర్, మాల్మ్‌గ్రెన్ ఇంకో ఉపాయం చూపించారు. చికిత్స మొదలైన ఆరు నుంచి తొమ్మిది నెలలకు ఎక్స్‌రే తీస్తే, ఎవరి వేర్లు ప్రమాదంలో ఉన్నాయో ముందే చాలావరకు తెలుస్తుందని 1988లో చెప్పారు. అప్పటికే కరుగుడు కనిపించినవాళ్ళకు రెండు మూడు నెలలు బలం లేకుండా ఆపి తర్వాత కొనసాగిస్తే, ఆపకుండా సాగించినవాళ్ళకంటే నష్టం తక్కువగా ఉందని 1994లో చూపించారు.

మరి పొట్టిబడిన వేరుతో పన్ను ఎన్నాళ్ళు ఉంటుంది? అమెరికాలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్ళు చికిత్సలో వేర్లు కరిగిన 100 మందిని సగటున 14 ఏళ్ళ తర్వాత పిలిచి చూశారు. 1989లో వచ్చిన ఆ ఫలితం ధైర్యం చెప్పేదే. క్లిప్పులు తీసేశాక కరుగుడు ఆగిపోయింది. గరుకుగా ఉన్న అంచులు నునుపు దేలాయి. పళ్ళు దాదాపు అన్నీ పనిచేస్తూనే ఉన్నాయి.

దీనికి ఒక కారణం వేరు ఆకారంలోనే ఉంది. ముల్లంగి గుర్తు తెచ్చుకోండి, పైన లావు, కింద సన్నం. పన్నును పట్టుకునే నారల్లో ఎక్కువ భాగం పైన లావుగా ఉన్న చోటే ఉంటాయి. అందుకే కొనలో 3 మిల్లీమీటర్లు పోవడమూ, పైన చిగురు దగ్గర ఎముక 1 మిల్లీమీటరు పోవడమూ సుమారుగా ఒకే నష్టమని 1986లో లెక్క కట్టారు. దీన్ని తిరగేసి చదివితే మనకు ఇంకా ముఖ్యమైన మాట దొరుకుతుంది. వేరు కొన పోయినవాళ్ళకు చిగురు దగ్గరి ఎముక ప్రాణం లాంటిది. గుట్కా, సిగరెట్టు, సరిగా తోముకోకపోవడం వల్ల ఆ ఎముక కూడా పోతే, అప్పుడు పన్ను నిజంగానే కదులుతుంది.

చికిత్స చేయించుకున్న చాలామందికి ఎంతో కొంత కరుగుడు ఉంటుంది. మామూలుగా అది ఒకటి రెండు మిల్లీమీటర్లు. తీవ్రంగా, అంటే వేరులో మూడో వంతు పోయేంతగా, జరిగేది నూటికి ఒకరి నుంచి ఐదుగురి దాకా. ఎక్కువగా దెబ్బతినేవి పైవరుస ముందు పళ్ళు. 2002లో ఇజ్రాయెల్‌కు చెందిన బ్రెజ్నియాక్, వాసర్‌స్టీన్ దీనికి కొత్త పేరు ప్రతిపాదించారు. చికిత్స వల్ల వచ్చే వాపుతో కూడిన వేరు కరుగుడు అని ఆ పేరుకు అర్థం. అది ఎవరి ఖర్మో కాదు, చికిత్సతో పాటు వచ్చే ఒక పర్యవసానం అని ఆ పేరే ఒప్పుకుంటుంది. ఒప్పుకున్నాక రోగికి ముందే చెప్పడం డాక్టర్ బాధ్యత అవుతుంది, అడగడం మన హక్కు అవుతుంది.

మన వంతు

ఈ చరిత్రలో మళ్ళీ మళ్ళీ కనిపించేది ఒకటే. వేరును కాపాడింది కొత్త తీగ ఒక్కటే కాదు, పాత ఎక్స్‌రేను కొత్త ఎక్స్‌రేతో పోల్చి చూసే అలవాటు. కెచమ్ చేసింది అదే, స్వీడన్ వాళ్ళు చేసిందీ అదే. ఒకే ఊళ్ళో ఒకే డాక్టర్ దగ్గర రెండేళ్ళు ఉండే మనిషికి ఆ పోలిక తేలిక. రెండు దేశాల మధ్య తిరిగే మనకే కష్టం. మొదటి ఎక్స్‌రే డేరా క్లినిక్ కంప్యూటర్‌లో ఉంటుంది, రెండోది జగిత్యాలలోనో రాయచోటిలోనో తీస్తారు, రెండూ ఎప్పటికీ కలవవు. పోల్చడానికి ఏమీ లేకపోతే 1927కి ముందు రోగికీ మనకీ తేడా లేదు.

అందుకే కొన్ని మాటలు గుర్తుపెట్టుకోండి.

క్లిప్పులు వేయకముందు తీసిన ఓపీజీ, అంటే నోరంతా కనిపించే పెద్ద ఎక్స్‌రే కాపీ అడిగి ఫోన్‌లో పెట్టుకోండి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే స్పష్టత తగ్గుతుంది, మెయిల్‌లో ఫైలుగా తీసుకోండి. పాస్‌పోర్ట్ కాపీ ఎంత భద్రంగా దాస్తారో ఇదీ అంతే.

చిన్నప్పుడు సైకిల్ మీద నుంచి పడో, క్రికెట్ బంతి తగిలో, సైటులో జారిపడో ముందు పళ్ళకు దెబ్బ తగిలి ఉంటే మొదటి రోజే చెప్పండి. దెబ్బ తిన్న పళ్ళకు ఈ ప్రమాదం ఎక్కువ.

ఆరు నెలలు దాటాక ముందు పళ్ళ వేర్లు ఒకసారి చూస్తారా డాక్టర్ గారూ అని అడగండి. ఇది అనుమానించడం కాదు. మంచి డాక్టర్ అయితే ఈ ప్రశ్నకు సంతోషిస్తారు.

రెండు మూడు నెలలు ఊరెళ్తున్నారంటే టికెట్ బుక్ చేసిన రోజే క్లినిక్‌కి చెప్పండి. పళ్ళను జరపకుండా ఉన్నచోట పట్టుకుని ఉంచే తీగ పెట్టమని అడగవచ్చు. ఉద్యోగం పోయి తిరిగి రాలేమని తెలిస్తే, ఎవరూ చూడని తీగను ఏళ్ళ తరబడి మోయడం కంటే ఇంటి దగ్గరి ఆర్థోడాంటిస్టుకు పాత ఫైలు చూపించి, కొనసాగించాలా తీసేయాలా తేల్చుకోవడం మేలు. ఖర్చు భారమైతే మన జిల్లాల్లోని డెంటల్ కాలేజీల ఆసుపత్రుల్లో కనుక్కోండి, బయటికంటే తక్కువలో అవుతుంది.

డబ్బు విషయం కూడా ముందే చూసుకోండి. దుబాయ్‌లో 2013 నాటి 11వ నంబరు చట్టంతో ఉద్యోగులకు ఆరోగ్య బీమా తప్పనిసరి అయింది, ఆ ఖర్చు కంపెనీదే. కానీ తక్కువ జీతాలవాళ్ళకు ఇచ్చే ప్రాథమిక కార్డులో అత్యవసరమైతే తప్ప పళ్ళ చికిత్స ఉండదు. క్లిప్పులు మన జేబు మీదే. రెండేళ్ళు కట్టగలమా, రెండేళ్ళు ఇక్కడ ఉంటామా అన్న రెండు లెక్కలూ కుదిరాకే మొదలుపెట్టడం మంచిది. సగంలో ఆగిన ఇల్లు వానకు తడిసినట్టే సగంలో ఆగిన చికిత్స కూడా.

ఆఖరుగా భయపడేవాళ్ళకు ఒక మాట. ఎక్స్‌రేలో వేరు కాస్త పొట్టిగా ఉందని డాక్టర్ చెబితే పళ్ళన్నీ ఊడిపోతాయని నిద్ర మానుకోవద్దు, కోపంతో ఎవరి చేతనో క్లిప్పులు పీకించుకోవద్దు. ఎంత పోయింది, ఏ పంటికి, ఆపి చూద్దామా, ఎన్నాళ్ళకు మళ్ళీ ఎక్స్‌రే తీద్దాం, ఈ నాలుగూ అడగండి. బలం ఆపితే కరుగుడు చాలావరకు ఆగుతుంది. మిగిలిన వేరుతో, శుభ్రమైన చిగుళ్ళతో ఆ పన్ను ఏళ్ళకేళ్ళు మీతోనే ఉంటుంది.

మీ పాత ఓపీజీ ఎక్కడుందో ఈ సెలవు రోజున ఒకసారి వెతకండి. దొరకకపోతే క్లినిక్‌కి ఫోన్ చేసి అడగండి. వీసా స్టాంపు కొట్టించుకున్నాక కాకుండా, ఇప్పుడే.